విశాఖలో ఒక పాత బ్రిడ్జ్ క్లబ్బు: చేరాలనుకునేవారి కోసం

నలుగురు రెండు జోడీలుగా ఆడే పేకాట బ్రిడ్జ్. విశాఖపట్నంలో దాన్ని నేర్చుకోవడానికి, ఆడటానికి తగిన చోటు ఏదని అడిగేవారు కొంతకాలంగా పెరుగుతున్నారు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ జోడీ పురుషుల పెయిర్స్‌లో స్వర్ణం గెలిచినప్పుడు పేకముక్కలతో ఆడే ఆటకు పతకమేమిటని ఆశ్చర్యపోయిన ఇళ్లలోనే, ఇప్పుడు ఆ ఆటను పిల్లలకు నేర్పించవచ్చా అన్న ప్రశ్న వినిపిస్తోంది. అలా అడిగినవారికి నేను చెప్పేది, సముద్రతీరానికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత భవనం మేడ మీద దశాబ్దాలుగా నడుస్తున్న బ్రిడ్జ్ క్లబ్బు గురించి. శనివారం సాయంత్రం జరిగే డూప్లికేట్ ఆట (అన్ని బల్లల మీదా అవే ముక్కలతో ఆడే పోటీ), ఆదివారం ఉదయం జరిగే శిక్షణ తరగతి, ఈ రెండింటి కోసం అక్కడికి తప్పక వెళ్లమని చెబుతాను. సభ్యత్వం తీసుకోవాలనుకునేవారికి మాత్రం కొన్ని విషయాలు ముందే తెలిసి ఉండాలి.

క్లబ్బు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది సభ్యుల చందాలతో నడిచే చిన్న సంస్థ. ప్రచారం వద్దని కార్యవర్గం కోరింది, పైగా నేను ఎత్తిచూపబోయే లోపాలు కూడా ఉన్నాయి. ఊళ్లో బ్రిడ్జ్ ఆడేవారిని ఎవరిని అడిగినా దారి చెబుతారు.

పాత క్లబ్బుల గురించి రాసేటప్పుడు గోడల మీది ఫొటోలు, అద్దాల బీరువాలోని కప్పులు, పేరున్న పూర్వ అధ్యక్షుల వరుస చెప్పి ఊరుకోవడం మామూలు. ఈ క్లబ్బులోనూ అవన్నీ ఉన్నాయి. కానీ దీని చరిత్రకు అసలైన విలువ వచ్చింది ఆ చరిత్రను రోజూ వాడుతున్నందువల్ల. పాత ఆటగాళ్లు రాసిపెట్టిన పంపకాలు (ఎవరి చేతికి ఏ ముక్కలు వచ్చాయన్న వివరాలు) ఈనాటి కొత్తవారికి పాఠాలవుతున్నాయి, పాత తప్పుల వల్ల ఏర్పడిన కట్టుబాట్లు ఈనాటి ఆటను నడుపుతున్నాయి. నాకు ఈ క్లబ్బు నచ్చడానికి ప్రధాన కారణం ఇదే కనుక, దాని గురించే కొంచెం వివరంగా రాస్తాను.

ఊరికీ ఈ ఆటకూ ఉన్న సంబంధం ముందుగా చెప్పాలి. వాల్తేరు క్లబ్బు 1883లో మొదలయ్యేనాటికి ఇప్పుడు మనం ఆడే కాంట్రాక్ట్ బ్రిడ్జ్ పుట్టనే లేదు. ఆ కాలంలో దొరలు ఆడుకునేది విస్ట్ అనే పాత పేకాట. విస్ట్ నుంచి బ్రిడ్జ్, ఆ తరువాత 20వ శతాబ్దం తొలి ఏళ్లలో వేలంపాట పద్ధతిలో సాగే ఆక్షన్ బ్రిడ్జ్ వచ్చాయి. నలుగురు దొరకని మారుమూల ఊళ్లలో పనిచేసే ఐసీఎస్ అధికారులు ముగ్గురితో ఆడుకోవడానికి చేసిన ఏర్పాటు నుంచే ఈ వేలం పద్ధతి పుట్టిందన్న కథనం ఆట చరిత్రల్లో తరచుగా కనిపిస్తుంది. 1925లో అమెరికా ధనికుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ పనామా కాలువ మీదుగా సాగిన ఒక ఓడ ప్రయాణంలో లెక్కల పద్ధతిని మార్చి, పాడిన పాటలోని (ఇన్ని పట్టులు, అంటే నలుగురూ ఒక్కొక్క ముక్క వేసే చుట్లు, గెలుస్తామని ముందుగా చెప్పిన మాటలోని) పట్టులకే గేమ్ విలువ దక్కాలన్న నియమం పెట్టి, వల్నరబుల్ (బోనసులు, అపరాధాలు రెండూ పెరిగే స్థితి) అన్న షరతును జోడించాడు. కాంట్రాక్ట్ బ్రిడ్జ్ అప్పుడు నిలదొక్కుకుంది. ఆ తరువాత ఎనిమిదేళ్లకు, 1933లో, విశాఖ ఓడరేవు తెరుచుకుంది.

ఈ ఆట మన ఊళ్లో వేళ్లూనుకోవడానికి ఓడరేవు, రైల్వే, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, వైద్య కళాశాల కారణమని పెద్ద సభ్యులు చెబుతారు. నౌకా నిర్మాణ కేంద్రం, చమురుశుద్ధి కర్మాగారం, 1968 నుంచి తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం, ఆ పైన ఉక్కు కర్మాగారం వచ్చేసరికి బదిలీల మీద వచ్చి పోయే ఉద్యోగులు ఊరి నిండా చేరారు. బొంబాయి నుంచో, కలకత్తా నుంచో బదిలీ మీద వచ్చిన ఇంజనీరుకు ఇక్కడి భాష రాకపోవచ్చు, ఊళ్లో ఒక్కరూ పరిచయం లేకపోవచ్చు; అయినా ఒక నో ట్రంప్ (తురుపు లేకుండా ఏడు పట్టులు తెస్తామన్న పాట) అంటే ఎన్ని పాయింట్లు, దానికి రెండు కళావర్లు అని జవాబిస్తే అడుగుతున్నదేమిటి అన్నది అతనికీ ఎదుటి జోడీదారుకూ ఒకే విధంగా తెలుసు. వచ్చిన వారంలోనే అతనికి సాయంత్రం కూర్చోవడానికి ఒక బల్ల, పలకరించడానికి ముగ్గురు మనుషులు దొరికేవారు. బ్యాంకు అధికారులు, వైద్యులు, ఆచార్యులు, నౌకాదళంలో పనిచేసినవారు ఒకే బల్ల దగ్గర కూర్చునే అలవాటు ఈ క్లబ్బుకు అలా వచ్చింది, ఇప్పటికీ ఉంది. హోదాలు బల్ల దగ్గరకు రావు. అక్కడ అందరూ ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర మాత్రమే.

క్లబ్బులో చూడవలసినవి పాత స్కోరు రిజిస్టర్లు. అడిగితే కార్యదర్శి గారు ఇనుప బీరువా తెరిచి చూపిస్తారు. గట్టి అట్ట, ఎర్ర కాలికో గుడ్డ వీపు, లోపల పెన్ను సిరాతో గీసిన నిలువు గీతలు. అన్నింటికంటే పాతవి రబ్బర్ బ్రిడ్జ్ (ఒకే బల్ల దగ్గర నలుగురు, ఒక జోడీ రెండు గేములు గెలిచేదాకా ఆడే పద్ధతి) కాలానివి. వాటిలో పేజీ మధ్యగా ఒక అడ్డగీత ఉంటుంది. పాడి గెలిచిన పట్టుల విలువ గీత కింద, బోనసులు, ఎదుటివారు ఓడితే వచ్చే పాయింట్లు గీత పైన. ఒకరి చేతిలోనే తురుపులో పై ఐదు ముక్కలూ వస్తే దక్కే 150 కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. అది పూర్తిగా పంపకం ఇచ్చే అదృష్టం; డూప్లికేట్ ఆటలో దానికి చోటు లేదు. రిజిస్టర్లు ముందుకు సాగేకొద్దీ ఈ 150లు మాయమై, బోర్డు నంబర్లు, జోడీ నంబర్లు, శాతాలు వస్తాయి. క్లబ్బు రబ్బర్ నుంచి డూప్లికేట్‌కు ఎలా మారిందో ఎవరూ వ్యాసం రాయనక్కరలేదు, ఆ గీతలే చెబుతాయి.

అంతకంటే ఆసక్తికరమైనది మరొకటి చూశాను. వల్నరబుల్ కాని జోడీకి, ఎదుటివారు డబుల్ చేసిన (ఓడితే అపరాధం పెరిగేలా సవాలు చేసిన) కాంట్రాక్టులో, అంటే చివరికి నిలిచిన పాటలో, నాలుగు పట్టులు తక్కువైతే పాత పేజీల్లో 700 అని రాసి ఉంటుంది, తరువాతి పేజీల్లో అదే ఓటమికి 800 ఉంటుంది. రాసినవారి పొరపాటు కాదది. 1987లో అంతర్జాతీయ నిబంధనలు సవరించి, నాలుగో పట్టు నుంచి ఒక్కొక్క దానికి 200కు బదులు 300 అపరాధం విధించారు. దానికి ముందు, వల్నరబుల్ అయిన ఎదుటివారు ఏడు ఇస్పేట్ల గ్రాండ్ స్లామ్‌కు (పదమూడు పట్టులూ తెస్తామన్న పాటకు) వెళితే వారికి 2210 రావాలి. వల్నరబుల్ కాని జోడీ ఏమాత్రం ఆధారం లేకుండా పైపాట పాడి, డబుల్‌లో పదకొండు పట్టులు ఓడినా పోయేది 2100 మాత్రమే. అంటే అద్భుతంగా పాడిన స్లామ్‌కు ప్రతిఫలం లేకుండా చేయడం లెక్క ప్రకారం లాభసాటి అయ్యేది. ఆ లొసుగును సవరణ పూడ్చింది. ప్రపంచ స్థాయిలో జరిగిన ఒక మార్పు మన సముద్రతీరపు క్లబ్బు పుస్తకంలో రెండు పేజీల తేడాగా నమోదై ఉండటం నాకు ఎంతో అపురూపంగా అనిపించింది. బీచ్ రోడ్డు మ్యూజియాలు చూసే ఓపిక ఉన్నవారు ఈ రిజిస్టర్లకు కూడా ఒక గంట కేటాయించవచ్చు.

ఆ బీరువా పరిస్థితి మాత్రం బాధ కలిగిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని అతలాకుతలం చేసినప్పుడు కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టడంతో కింది అరలోని పుస్తకాలు తడిసిపోయాయట. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, నీలి సిరా చెదిరి మరకలుగా మిగిలిన రెండు రిజిస్టర్లను నేను చేతుల్లోకి తీసుకుని చూశాను; మధ్య పేజీలు విప్పితే చిరుగుతాయి. మిగిలినవాటికీ ఉప్పుగాలి, చెమ్మ, చెదలు ఉండనే ఉన్నాయి. స్కానింగ్ చేయించడం పెద్ద ఖర్చు కాదు, పుస్తకాలు కూడా వేలల్లో లేవు. ఏళ్ల తరబడి సభ్యుల సమావేశాల్లో ఈ మాట వస్తూనే ఉందని, తీర్మానం దగ్గరే ఆగిపోతోందని తెలిసింది. ఇంత గొప్ప ఆస్తి చేతిలో ఉంచుకుని దానికి ఒక పొడి గది, ఒక స్కానరు ఏర్పాటు చేయకపోవడం క్షమించదగిన అలసత్వం కాదని నా అభిప్రాయం.

ఇక శనివారం ఆట. ఆరున్నరకు బల్లలు సిద్ధంగా ఉంటాయి, ఏడింటికి మొదటి బోర్డు. డూప్లికేట్ అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను: ముక్కలు ఒకసారి కలిపి, పంచి, నాలుగు అరలున్న బోర్డులో పెట్టిన తరువాత ఆ పంపకం మారదు. ఒక బల్ల మీద ఆట పూర్తయ్యాక అదే బోర్డు తరువాతి బల్లకు వెళుతుంది, అక్కడి నలుగురూ అవే ముక్కలతో ఆడతారు. ఉత్తర దక్షిణ జోడీలు కూర్చున్న చోటే ఉంటాయి, తూర్పు పడమర జోడీలు ఒక్కొక్క బల్ల ముందుకు జరుగుతాయి, బోర్డులు వెనక్కి జరుగుతాయి. ఈ కదలికను 1890ల నుంచి మిచెల్ పద్ధతి అంటున్నారు. చేతికి ఆసులు, రాజులు రాలేదని ఏడవడానికి వీల్లేదు, ఎందుకంటే అవే ముక్కలతో పక్క బల్లవారు ఏం చేశారన్నదే లెక్క. మీకంటే తక్కువ తెచ్చుకున్న ప్రతి జోడీ మీద రెండు పాయింట్లు, సమానమైన జోడీ మీద ఒకటి. వల్నరబుల్ కానప్పుడు మూడు నో ట్రంప్ పాడి తొమ్మిది పట్టులు తెచ్చినవారికి 400, పది తెచ్చినవారికి 430. ఇంట్లో ఆడుకునేటప్పుడు ఆ ముప్పై ఎవరికీ పట్టదు, ఇక్కడ ఆ ముప్పైతోనే సాయంత్రపు ఫలితం తారుమారు కావచ్చు.

ముక్కలు ఆడే పద్ధతి కూడా వేరుగా ఉంటుంది. మామూలు పేకాటలోలాగా ముక్కలు బల్ల మధ్యలో కుప్పగా పడవు. ఎవరి ముక్క వారి ముందే ఉంటుంది. గెలిచిన పట్టుకు ముక్కను జోడీదారు వైపు నిలువుగా, పోయిన పట్టుకు అడ్డంగా పేర్చుకుంటూ పోతారు. చివర్లో పదమూడు ముక్కల వరుస చూస్తే పట్టుల లెక్క తెలుస్తుంది, వివాదం వస్తే ఏ ముక్క ఎప్పుడు పడిందో వెనక్కి వెళ్లి చూడవచ్చు. ఆట అయ్యాక తమ పదమూడు ముక్కలూ లెక్కపెట్టి బోర్డులో పెట్టడం, కొత్త బోర్డు నుంచి తీసిన ముక్కలను చూడకముందే లెక్కపెట్టడం ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేని అలవాటు. పాటలు నోటితో పాడరు; బల్ల మూల ఉన్న బిడ్డింగ్ బాక్సు నుంచి కార్డు తీసి పెడతారు. 1960లలో స్వీడన్‌లో పుట్టిన ఈ పెట్టె వచ్చాక, గొంతు హెచ్చుతగ్గులతో జోడీదారుకు సంగతి చేరవేసే దారి మూసుకుపోయింది. ఎవరో ఒకరు ఎదురుగా ఉన్న జోడీదారు ఆలోచనలో పడ్డాడని గమనించి తన పాట మార్చుకున్నట్టు అనుమానం వస్తే, గొడవ పడకుండా చెయ్యి ఎత్తి డైరెక్టరును పిలుస్తారు.

డైరెక్టరు గారి గురించి ప్రత్యేకంగా రాయాలి. ఆయన విశ్రాంత ఉద్యోగి, సన్నగా, తెల్ల చొక్కాలో, మెడలో కళ్లద్దాల తాడుతో తిరుగుతుంటారు. నేను ఆడిన ఒక సాయంత్రం పక్క బల్ల మీద, తొలి ముక్క వేయవలసింది ఒకరైతే తొందరలో మరొకరు వేసేశారు. పిలిచిన వెంటనే ఆయన వచ్చి, తప్పు చేసిన వ్యక్తి వైపు చూడకుండా, 2017 నాటి నిబంధనల పుస్తకం తెరిచి, డిక్లేరరుకు (కాంట్రాక్టు ఆడే వ్యక్తికి) ఉన్న ఐదు అవకాశాలను నెమ్మదిగా చదివారు: ఆ ముక్కను ఒప్పుకుని డమ్మీని (అందరికీ కనిపించేలా పరిచే జోడీదారు ముక్కలను) పరచమనడం, ఒప్పుకుని తానే డమ్మీ కావడం, వేయవలసినవారిని అదే జాతి (ఇస్పేటు, కళావరు వంటిది) వేయమనడం, ఆ జాతి వేయవద్దనడం, లేదా ఏదైనా వేసుకోనిచ్చి తప్పుగా పడిన ముక్కను బల్ల మీదే బోర్లా వేయకుండా ఉంచడం. ఆయనకు ఆ నిబంధన కంఠస్థమే. అయినా చదివే ఎందుకు వినిపిస్తారని టీ విరామంలో అడిగితే, "నేను చెబితే నా తీర్పవుతుందమ్మా, పుస్తకం చదివితే అందరికీ ఒకటే" అన్నారు. ఆ మాటలో పాత క్లబ్బు పెంపకం ఉంది. సభ్యుల్లో పలుకుబడి గల పెద్దలు ఉన్నా, వారి బల్ల మీద కూడా ఆయన అదే పుస్తకం తీస్తారు.

ఆదివారం తరగతి ఈ క్లబ్బు చేస్తున్న అన్ని పనుల్లోకీ మేలైనది. నేర్పేది ఒకప్పటి లెక్చరర్, అందరికీ మాస్టారే. మొదట్లో ఆయన పాటల జోలికే వెళ్లరు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి, పేక మొత్తానికి నలభై పాయింట్లని చెప్పి, పట్టులు తెచ్చుకోవడం, మూసి ఉన్న చేతుల్లో ఏముందో ఊహించడం, ప్రతి జాతిలోనూ పదమూడు ముక్కలే ఉంటాయన్న లెక్కను చివరిదాకా వదలకపోవడం నేర్పిస్తారు. స్టేమన్, బ్లాక్‌వుడ్ వంటి పాటల సంకేతాల వంతు ఆ తరువాత వస్తుంది. ఇంటర్నెట్‌లో సొంతంగా నేర్చుకుని వచ్చే యువకులకు సంకేతాలు బోలెడన్ని తెలుస్తాయి, లెక్కపెట్టడం రాదు. వారికి ఈ క్రమం మొదట విసుగు కలిగించినా, కొన్ని వారాల్లో ఆటతీరు మారడం కళ్లారా చూశాను.

పాఠాల కోసం ఆయన వాడేది ఆ పాత రిజిస్టర్లలో ఎవరో శ్రద్ధగా గీసిపెట్టిన పంపకాలనే. ఒక ఉదాహరణ చెబుతాను. దక్షిణం మూడు నో ట్రంప్ ఆడుతోంది. పడమర ఇస్పేటు రాజు వేసింది. డమ్మీలో ఇస్పేటు ఐదు, నాలుగు; డిక్లేరరు దగ్గర ఆసు, ఏడు, ఆరు. పడమర దగ్గర రాజు, రాణి, జాకీ, పది, మూడు. తూర్పు దగ్గర తొమ్మిది, ఎనిమిది, రెండు. కాంట్రాక్టు నెగ్గాలంటే కళావర్ల మీద ఆధారపడాలి, అందులో రాజు తూర్పు దగ్గర ఉంది కనుక ఒక పట్టు పోతుంది. ఆసు చేతిలో ఉందన్న సంతోషంతో మొదటి పట్టే తీసుకుంటే ఏమవుతుంది? కళావరు రాజుతో గెలిచిన తూర్పు వెంటనే ఇస్పేటు తిప్పి వేస్తుంది, పడమర నాలుగు ఇస్పేట్లూ లాగేస్తుంది, ఒక పట్టు తక్కువై కాంట్రాక్టు పోతుంది. ఆసును రెండు సార్లు దాచి మూడోసారి మాత్రమే వేస్తే, తూర్పు దగ్గర ఇస్పేట్లు అయిపోతాయి. ఆ తరువాత కళావరు రాజుతో గెలిచినా పడమరకు చేరవేయడానికి ఏమీ ఉండదు. రిజిస్టరులో ఆ బోర్డు ఎదురుగా కొన్ని బల్లల వద్ద 400, కొన్ని బల్లల వద్ద ఎదుటివారికి 50 అని ఉంది. మాస్టారు విద్యార్థులతో రెండు విధాలుగానూ ఆడించి, ఆ తరువాత పేజీ తెరిచి చూపిస్తారు. దశాబ్దాల క్రితం ఇదే ఊళ్లో, ఇదే గాలిలో ఎవరో ఆసును ఆత్రంగా వేసి ఓడారని, పక్కనే మరొకరు ఓపిక పట్టి గెలిచారని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో కనిపించే శ్రద్ధ ఏ అచ్చు పుస్తకం పాఠానికీ రాదు. మీ ఊరి పెద్దల చేతిరాత ముందు పెట్టి ఇంత నేర్పగల మరో చోటు నాకు తెలియదు.

తల్లిదండ్రుల సందేహం ఒకటి ఇక్కడే తీర్చాలి. పేక అనగానే మన ఇళ్లలో డబ్బు పోగొట్టుకున్న బంధువెవరో గుర్తుకొస్తారు. ఆ భయం అకారణమైనది కాదు. ఈ క్లబ్బులో డబ్బు పందెం ఏ రూపంలోనూ లేదు, బల్ల రుసుము తప్ప. న్యాయస్థానాల దృష్టి కూడా తెలుసుకోదగినదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై వచ్చిన కేసులో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె.సత్యనారాయణకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో, సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు ఇస్తూ రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమని, అందులోని అదృష్టం బ్రిడ్జ్ పంపకంలో ఉండే అదృష్టం వంటిదేనని పోల్చింది. అంటే బ్రిడ్జ్ నైపుణ్య క్రీడ అన్న సంగతి అక్కడ వాదించి తేల్చవలసిన అంశం కూడా కాలేదు. విపరీతంగా ఉంటే తప్ప, ఆటకు క్లబ్బు వసూలు చేసే రుసుమును జూదం మీద లాభంగా చూడనక్కరలేదని కూడా ఆ తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రతి ఒకటి కార్యదర్శి గారి ఫైలులో ఉంది, అడిగిన తల్లిదండ్రులకు ఇస్తారు. బల్ల రుసుము మాటకొస్తే, ఒక మంచి హోటల్లో ఇద్దరు టిఫిను తిని కాఫీ తాగినంత. విద్యార్థులకు అందులో సగమే.

హాలు శుభ్రంగా ఉంటుంది, వెలుతురు బాగుంటుంది. చెమ్మకు కాగితపు ముక్కలు అంటుకుపోయే ఊరు కనుక ప్లాస్టిక్ పేకలే వాడతారు, ఆట ముగిశాక వాటిని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టే పని వంతులవారీగా సభ్యులే చేస్తారు. పాత రోజుల్లో ముక్కలకు పౌడరు రాసి ఆడేవారట. ఏలకుల టీ బాగుంటుంది. బజ్జీలు, సమోసాలు వరండాలోనే తినాలి, నూనె చేతులతో బల్ల దగ్గరకు రానివ్వరు. ఆ నియమం కొందరికి చాదస్తంగా కనిపించినా నాకు సబబుగానే తోచింది.

లోపాల విషయానికి వస్తే, అన్నింటికంటే ముందు చెప్పవలసింది మెట్లు. లిఫ్టు లేదు, మెట్లు ఏటవాలుగా, ఒకవైపు మాత్రమే పట్టుకునే కమ్మీతో ఉన్నాయి. ఆడేవారిలో సగానికి పైగా వయసు మళ్లినవారైన క్లబ్బు ఇంతకాలం దీన్ని ఎలా భరిస్తూ వచ్చిందో అర్థం కాదు. మోకాళ్ల నొప్పుల వల్ల రావడం మానేసిన మంచి ఆటగాళ్లు ఉన్నారని సభ్యులే చెప్పారు. 2020లో కరోనా కాలంలో క్లబ్బు ఆటలను బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటుకు మార్చినప్పుడు వారు మళ్లీ ఆడగలిగారు. హాలు తెరుచుకున్నాక ఆ ఆన్‌లైన్ ఆట ఆగిపోయింది. వారంలో ఒక్క రోజైనా దాన్ని కొనసాగించి ఉంటే ఆ పెద్దలు దూరమయ్యేవారు కాదు.

రెండోది సభ్యత్వం. ఇద్దరు సభ్యుల సిఫారసు, కార్యవర్గం ఆమోదం కావాలి. అది న్యాయమే, కానీ దరఖాస్తు ఇచ్చిన తరువాత నెలల తరబడి ఏ కబురూ రాదు. నా దరఖాస్తుకూ అదే జరిగింది. అడిగిన ప్రతిసారీ మర్యాదగానే సమాధానం చెప్పారు, తేదీ మాత్రం చెప్పలేదు. కొత్తవారు కావాలని కోరుకునే సంస్థ తలుపు దగ్గరే ఇంతసేపు నిలబెట్టకూడదు.

మూడోది ఆట ముగిశాక జరిగే విమర్శ. ప్రతి బోర్డు తరువాత రెండు నిమిషాలు చర్చించుకోవడం బ్రిడ్జ్‌లో సహజం, ఆరోగ్యకరం కూడా. అయితే కొందరు పెద్దలు జోడీదారును అందరి ముందూ మందలించే ధోరణిలో మాట్లాడతారు. ఒక డిగ్రీ విద్యార్థిని కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. డైరెక్టరు గారు వచ్చి ఆ పెద్దాయనకు హెచ్చరిక ఇచ్చారు, అది మెచ్చుకోదగినది. కానీ ఆ అమ్మాయి మళ్లీ శనివారాలు రాలేదు, ఆదివారం తరగతికి మాత్రమే వస్తోంది. మహిళా సభ్యులు తక్కువగా ఉండటానికి ఇదొక కారణం, వారికి విడిగా సరైన విశ్రాంతి గది లేకపోవడం మరో కారణం. 2018లో మన దేశం పురుషుల జట్టుతో పాటు మిశ్రమ జట్టు విభాగంలోనూ కాంస్యం తెచ్చుకున్న ఆట ఇది. మిశ్రమ జోడీల పోటీ ఒకటి క్లబ్బు ఏటా నడిపితే ఈ పరిస్థితి కొంతైనా మారుతుందని కార్యవర్గానికి రాతపూర్వకంగా సూచించాను.

ఎవరు వెళ్లాలి అంటే, రమ్మీ, ఇరవై ఎనిమిది వంటి ఆటలు ఇంట్లో ఆడిన అలవాటు ఉండి, ఆలోచనకు మరింత పని కావాలనుకునేవారు నేరుగా ఆదివారం తరగతిలో చేరవచ్చు. ఆన్‌లైన్‌లో ఆడి ముందుకు వచ్చినవారు శనివారం ఆటకు వెళ్లవచ్చు, కానీ ముందు ఒక సాయంత్రం ఎవరైనా సభ్యుని వెనుక కూర్చుని చూడమని నా సలహా. చూసేవారికి రుసుము లేదు. ఒకే చేతిని చూడాలి, మాట్లాడకూడదు, ఫోను ఆపేసి ఉంచాలి. బడి పిల్లల విషయంలో, తరగతి సమయం ట్యూషన్లకు అడ్డం వస్తోందని చాలామంది తల్లిదండ్రులు చెప్పినందున వేసవి సెలవుల్లో మొదలుపెట్టడం మంచిది. అప్పుడు వారానికి మూడు రోజులు ఉంటుంది. జోడీ లేనివారు శనివారం మధ్యాహ్నంలోగా కార్యదర్శి గారికి ఫోను చేస్తే, సమాన స్థాయి ఉన్న జోడీదారును చూసిపెడతారు. ఏడింటికి బోర్డులు కదలడం మొదలయ్యాక ఎవరినీ కూర్చోనివ్వరు, కాబట్టి బీచ్ రోడ్డు వైపు సాయంత్రపు రద్దీని దృష్టిలో పెట్టుకుని ఆరున్నరకల్లా మేడ మీద ఉండేలా బయలుదేరండి.